రిపోర్టులో ఒక్క ముక్క చూసి బెంబేలు పడకండి

కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్న రోజులు. ఆ కాలంలో మా ప్రత్తిపాడులో నా దగ్గరకు వచ్చేవాళ్ళంతా తుమ్ములూ, దగ్గులూను. ఆ రోజు వచ్చిన అమ్మాయికి మాత్రం ఏ జబ్బూ లేదు. మూడో నెల. చేతిలో రక్తపరీక్ష కాగితం, పక్కన అత్తగారు.

"రుబెల్లా వున్నదట డాక్టరుగారూ! బిడ్డకు కళ్ళో చెవులో పోతాయట. తీయించెయ్యమంటున్నారు" అన్నది పెద్దావిడ. అమ్మాయి తల ఎత్తలేదు.

ఆ భయం ఉత్తదేం కాదు. మొదటి మూడు నెలల్లో తల్లికి రుబెల్లా సోకితే బిడ్డకు కంటిలో శుక్లం, చెవుడు, గుండెజబ్బు రావచ్చు. 1941లో ఆస్ట్రేలియాలో నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టరు పసికట్టిన సంగతి యిది. కానీ ఆ కాగితం చెప్పింది అది కాదు.

ఐ.జి.ఎం. అనే యాంటీబాడీ, ఒంటిమీద దద్దురు లేచిన కొద్ది రోజులకే రక్తంలో కనబడి, సాధారణంగా రెండు నెలల్లో తగ్గిపోతుంది. ఐ.జి.జి. ఏళ్ళ తరబడి వుండిపోతుంది. మన లెక్కలో ఒకటి ఈ ఏటి కాయ, రెండోది కోల్డ్ స్టోరేజీ సరుకు. చిక్కేమిటంటే, రుబెల్లా లేకపోయినా ఐ.జి.ఎం. ఒక్కోసారి "వున్నది" అనే వస్తుంది. ఈ అమ్మాయికి ఐ.జి.ఎం. అంతంతమాత్రం, ఐ.జి.జి. పుష్కలం.

"ఈ మధ్య జ్వరం, దద్దురు వచ్చాయా?"

"లేదండీ."

"చిన్నప్పుడు బళ్ళో సూది వేశారా?"

అప్పుడు తలెత్తింది. "ఎనిమిదో తరగతిలో అందరికీ వేశారండీ. నేను ఏడ్చాను కూడా."

2017 ఆగస్టులో మన రాష్ట్రంలో 9 నెలలు నిండినవాళ్ళ నుంచి 15 ఏళ్ళ లోపువాళ్ళ దాకా వేసిన తట్టు-రుబెల్లా టీకా అది.

అయినా నోటిమాట మీద తేల్చలేదు. రెండు వారాలాగి మళ్ళీ రక్తం తీసి, దాచి వుంచిన మొదటి శాంపిలుతో కలిపి పరీక్ష చేయించాను. ఎవిడిటీ అనే పరీక్ష కూడా చేశారు. ఐ.జి.జి. పట్టు కొత్తలో వదులుగా వుండి, నెలలు గడిచేకొద్దీ బిగుస్తుంది. ఆ రెండు వారాలూ పిల్ల సరిగా అన్నం తినలేదని అత్తగారే చెప్పింది. పాళ్ళు పెరగలేదు, పట్టు గట్టిగా వుంది. కొత్త జబ్బు కాదు. దద్దురే లేని మనిషికి అసలీ పరీక్ష ఎందుకు రాశారో నేనడగలేదు.

వెళ్తూ వెళ్తూ అత్తగారు గుమ్మంలో ఆగింది. "మా చిన్నమ్మాయికి వైశాఖంలో పెళ్ళండీ."

ఐ.జి.జి. పరీక్ష రాసిచ్చాను. లేదని వస్తే టీకా వేయించుకుని, నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి. గర్భం వచ్చాక ఈ టీకా వేయరు.