ఘృతకంబళి: శీతాగమవేళ బదరీనాథుని గృహం

ఆశ్వయుజ, కార్తీకాలు శరత్తు. మార్గశిర, పుష్యాలు హేమంతం. ఈ రెండింటి నడిమి సంధికాలాన్ని ఆయుర్వేదం ప్రత్యేకంగా గుర్తించింది. గడిచిపోయే ఋతువులోని చివరి 7 దినాలను, రాబోయే ఋతువులోని తొలి 7 దినాలను కలిపి ఋతుసంధి అని వాగ్భటాచార్యులు అష్టాంగహృదయంలో నిర్దేశించారు. ఆ 14 దినాలలో పాత ఋతుచర్యను క్రమంగా విడవాలి, కొత్తదానిని క్రమంగా గ్రహించాలి. ఒక్కసారిగా మార్చుకుంటే దేహం ఓర్చదు.

చరకసంహిత సూత్రస్థానం 6వ అధ్యాయంలో హేమంతచర్యను చెప్పేటప్పుడు ఒక పదం వస్తుంది: గర్భగృహం. చలికాలంలో మానవుడు వెచ్చని భూగృహంలోగాని, వెచ్చని గర్భగృహంలోగాని నివసించాలని అక్కడి ఉపదేశం. నేడు ఆ పదం వినగానే ఆలయంలోని మూలస్థానమే స్ఫురిస్తుంది. చరకసంహితలో మాత్రం దాని అర్థం గృహస్థుని ఇంటి నడిమి గది, బయటి గాలి సోకని లోపలి గది. శీతాగమానికి ఇంటిని సిద్ధపరచడమంటే ఇల్లంతటినీ వేడి చేయడం కాదన్నమాట. ఇంటిని లోపలికి ముడుచుకోవడం. ఆ లోపలి గదిలో ఎవరుండాలి, ఏ దీపం ఉండాలి, ఎవరు బయటికి వెళ్ళాలి అన్నది నిర్ణయించుకోవడం. మానవగృహానికీ దేవగృహానికీ ఈ విషయంలో భేదం లేదని తెలియాలంటే బదరికాశ్రమం వైపు దృష్టి సారించాలి.

ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో, అలకనందా తీరాన, సముద్రమట్టానికి సుమారు 3,100 మీటర్ల ఎత్తున ఉన్నది బదరీనాథుని మందిరం. 108 దివ్యదేశాలలో ఒకటి. మన ప్రాంతాల నుంచి వెళ్ళే యాత్రికులలో అధికులు వేసవి సెలవులలోనే వెళ్తారు. తెరచిన కవాటాలను చూసి, తప్తకుండంలో స్నానమాచరించి, ధన్యులమయ్యామని తిరిగి వస్తారు. ఆ కవాటాలు మూసే విధానం కూడ తెలిసినప్పుడే ఆ క్షేత్రదర్శనం పూర్ణమవుతుంది.

విజయదశమినాడు పంచాంగాన్ని పరిశీలించి కవాటబంధన ముహూర్తాన్ని ప్రకటిస్తారు. సాధారణంగా అది నవంబరు మాసంలో వస్తుంది. దానికి ముందు పంచపూజలు ఆరంభమవుతాయి. మొదటి దినం గణపతికి పూజ చేసి ఆయన ఆలయాన్ని మూస్తారు. ఆదిలో పూజ అందుకునేవాడు ఇక్కడ ఆదిలోనే విశ్రాంతికి వెళ్తాడు. రెండవ దినం ఆదికేదారేశ్వరుని ఆలయం, శంకర భగవత్పాదుల ఆలయం మూతపడతాయి. మూడవ దినం ఖడ్గపుస్తక పూజ. ఆనాటితో ఆ సంవత్సరపు వేదపారాయణం ఆగుతుంది. నాలుగవ దినం లక్ష్మీదేవికి నివేదన సమర్పించి, లోపలికి వేంచేయవలసిందని ఆహ్వానిస్తారు. ఒక్క పూటలో తాళం వేసుకుని వెళ్ళిపోరు. ఋతుసంధి నియమాన్ని ఆ ఆలయం అయిదు దినాలలో ఆచరించి చూపుతుంది.

ఇక అయిదవ దినం. యాత్రాకాలమంతటా లక్ష్మీదేవి తన సొంత ఆలయంలో ఉంటుంది. ఆరు నెలల శీతకాలం మాత్రం స్వామి చెంత గర్భగృహంలో ఉంటుంది. అయితే గర్భగృహంలో ఉద్ధవుడున్నాడు. కృష్ణస్వామికి సఖుడు, వయసులో పెద్దవాడు. ఆ వరుసను బట్టి అమ్మవారికి బావగారు. బావగారి ఎదుట మరదలు కూర్చోదు. తెలుగింటి మర్యాద హిమాలయంలోనూ అదే. కనుక మొదట ఉద్ధవుని బయటికి వేంచేయింపజేస్తారు. ప్రధానార్చకులైన రావల్ కేరళదేశపు నంబూద్రి బ్రాహ్మణులు. పరపురుషుడు అమ్మవారిని స్పృశించరాదు గనుక వారు ఆనాడు స్త్రీవేషం ధరించి, అమ్మవారి సఖిగా మారి, ఆమెను తీసుకువచ్చి స్వామి చెంత ఉంచుతారు.

ఇక్కడ ఒక విషయం హృదయాన్ని పట్టుకుంటుంది. భాగవతం ఏకాదశ స్కంధంలో నిర్యాణానికి ముందు శ్రీకృష్ణుడు ఉద్ధవుని బదరికాశ్రమానికే వెళ్ళమని ఆజ్ఞాపించాడు. స్వామి ఆజ్ఞతో ఆ చోటికి వచ్చినవాడే ప్రతి సంవత్సరం ఆ చోటు విడవవలసి వస్తున్నది. అయితే ఆయనను పంపివేయరు. పల్లకిలో, వాద్యఘోషతో, కుబేరునితో కూడ దిగువనున్న పాండుకేశ్వరానికి తీసుకువెళ్తారు. అక్కడ యోగధ్యానబదరిలో ఆయనకు శీతకాలమంతా నిత్యపూజ జరుగుతుంది. లోపలి గదిలో చోటు చాలనప్పుడు పెద్దవారిని ఎలా కదిలించాలో అది పద్ధతి. వసారాలో నులకమంచం వేసి, పలుచని దుప్పటి ఒకటి పడేసి, పెద్దవారికి గాలి బాగా తగులుతుందని చెప్పే ఇళ్ళవారు ఈ ఘట్టాన్ని ఒకసారి మననం చేసుకోవాలి.

అటుపిమ్మట కంబళి. బదరీనాథానికి మూడు కిలోమీటర్ల దూరంలోని మాణా గ్రామపు కన్యలు ఉన్నితో దీనిని ఒక్క దినంలోనే నేస్తారు. దానికి ఘృతం పట్టించి స్వామి విగ్రహానికి కప్పుతారు. అందుకే దీనికి ఘృతకంబళి అని పేరు. అఖండజ్యోతిని వెలిగించి ఉంచి, కవాటాలు మూస్తారు. ఇంతే ఏర్పాటు. ఒక కంబళి, ఒక దీపం, చెంత అమ్మవారు. మిగిలిన ఆరు నెలల పూజ దేవతలదని, నారద మహర్షిదని సంప్రదాయం.

శీతోష్ణద్వంద్వాలకు అతీతుడైన పరమాత్మకు కంబళి దేనికన్న ప్రశ్న కొందరు జిజ్ఞాసువులకు కలుగుతుంది. ప్రశ్న సమంజసమే. నిర్గుణతత్త్వానికి చలి లేదు. ఆ మాటకు వస్తే స్నానమూ లేదు, నైవేద్యమూ లేదు. కాని అర్చావతారం వేరు. అర్చారూపుడైన స్వామి తనను తాను అర్చకపరాధీనుని చేసుకున్నాడని ఆగమజ్ఞులైన ఆచార్యులు చెబుతారు. పెడితే తింటాడు, కప్పితే కప్పుకుంటాడు. సర్వసమర్థుడు ఒకరి చేతిలో శిశువుగా ఉండటానికి అంగీకరించాడు గనుకనే ఆ చేతికి బాధ్యత ఉన్నది. పురీక్షేత్రంలో మార్గశిర శుద్ధ షష్ఠి నుంచి మాఘ శుద్ధ పంచమి వరకు జగన్నాథునికి శీతవస్త్రాలు ధరింపజేయడమూ, కేదారంలో స్వయంభూలింగాన్ని భస్మంతో, ఎండిన పుష్పాలతో కప్పి సమాధిపూజ చేయడమూ ఈ బాధ్యత యొక్క రూపాలే.

సంస్కృతంలో స్నేహమంటే ప్రేమ. స్నేహమంటే నేయి, నూనె కూడ. హేమంతంలో స్నిగ్ధపదార్థాలు సేవించాలని, తైలాభ్యంగం చేయాలని వైద్యశాస్త్రం విధించింది. మాణా కన్యల కంబళిలో ఈ రెండర్థాలను విడదీయడం సాధ్యం కాదు. ఈ మధ్య కొన్ని ఇళ్ళలో అంగడిలో కొన్న చిన్న స్వెటర్లను బాలకృష్ణుని విగ్రహానికి తొడిగి ఛాయాచిత్రాలు తీస్తున్నారు. దోషమని అనలేము. అయినా ఒక దినమంతా కూర్చుని నేసిన వస్త్రానికీ దీనికీ గల తారతమ్యం నేసినవారికే తెలుస్తుంది. పాతచీరలను మడతలు పేర్చి బొంత కుట్టిన తెలుగు అమ్మమ్మలకూ తెలుసు.

కవాటాలు మూసిన తరువాత ఉద్ధవుడు, కుబేరుడు పాండుకేశ్వరంలో ఆగుతారు. శంకరాచార్యుల పీఠం ఇంకా దిగువకు సాగి, జోషీమఠంలోని నృసింహాలయానికి చేరుతుంది. మాణా గ్రామవాసులు కూడ తమ ఇళ్ళు మూసుకుని, పశువులను తోలుకుని దిగువ పల్లెలకు తరలిపోతారు. కొన్నాళ్ళకే అలకనందా తీరమంతా హిమావృతమవుతుంది.

మళ్ళీ వసంతపంచమినాడు నరేంద్రనగర్ రాజప్రాసాదంలో కవాటోద్ఘాటన ముహూర్తం నిర్ణయిస్తారు. ఆ ముహూర్తాన ద్వారాలు తెరచి, స్వామిమీది ఘృతకంబళిని తొలగిస్తారు. దాని పోగులను భక్తులకు ప్రసాదంగా పంచుతారు. అంతకుముందు ఒక పరీక్ష ఉన్నది. కంబళిలోని నేయి ఎండిపోక తడిగా ఉంటే దేశానికి సుభిక్షమని నమ్మకం. అప్పటికి మాణా గ్రామస్థులు కూడ పైకి తిరిగి వస్తుంటారు. తాము నేసిన కంబళి తడిగా ఉన్నదో లేదోనని ఆ కన్యలు ఎదురుచూస్తారు.