గోటిమీద గొడ్డలి

గోటితో పోవుదానికి గొడ్డలి యేల యని మన పెద్దలు చెప్పుదురు. గోటిమీదనే గొడ్డలి పడినపుడు ఏమి చేయవలెనో వారు చెప్పలేదు. చెప్పవలసిన యవసరము వారికి కలిగియుండదు. ఆ కాలమున గోటికి రంగు కావలసినచో గోరింటాకు నూరి పెట్టుకొనెడివారు. ఆ రంగును తీయవలసిన పని యెవరికిని లేదు. ఇప్పుడు రంగు పూయుట యొక విద్య, తీయుట మఱియొక విద్య. మొదటిదానికి రూపాయలిచ్చి నేర్పరుల యొద్దకు పోవుదుము. రెండవదానిని దంతములతోను గుండుసూదులతోను మనమే సాధింపజూతుము. ఈ రెండవ విద్యను గూర్చియే నేను వ్రాయబూనితిని. పాఠశాలలో గోళ్లకు రంగు నిషిద్ధమైయుండగా ఈ వ్యాసమెందుకని కొందఱు తలిదండ్రు లడుగవచ్చును. వేసవి సెలవులలో పెండ్లిండ్లు మెండు. పాఠశాల తెరచిన దినమున బాలికల చేతులు చూచెడు ఉపాధ్యాయినులకు నా మాట యర్థమగును.

నా చెల్లెలి కుమార్తె నర్సు విద్య నభ్యసించుచున్నది. 2024వ సంవత్సరము మే నెలలో వారింట పెండ్లి జరిగెను. పెండ్లికూతురితోపాటు ఈమెయు బ్యూటీ పార్లరునకు పోయి జెల్ పాలిష్ వేయించుకొనెను. చూచుటకు ముచ్చటగానే యుండెను, లేదనను. గిన్నెలు తోమినను బట్టలుతికినను మూడు వారముల వఱకు చెక్కు చెదరలేదు. ఇంతలో సెలవులు ముగిసి, వార్డులో పనికి చేరవలసిన దినము వచ్చెను. నర్సుల గోళ్లు కురుచగాను పూతలేకయు నుండవలెనని వారి యాసుపత్రి నియమము. నియమము మంచిదే. రోగులను ముట్టి సేవచేయువారు కృత్రిమపు గోళ్లు ధరింపరాదనియు, స్వంత గోళ్లు అర సెంటీమీటరుకు మించి పెరుగనీయరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ వారు 2009లోనే చెప్పియున్నారు. ఈమెకు పార్లరునకు పోవు తీరిక చిక్కలేదు. రాత్రి రైలులో కూర్చుండి, కొంచెము లేచిన మూలను పట్టుకొని, పది వ్రేళ్ల పూతను బెరడువలె ఒలిచివేసెను. “అరటితొక్కవలె వచ్చినది, పెద్దమ్మా! నొప్పియే లేదు” అని పిమ్మట నాతో చెప్పెను.

నొప్పి లేకపోవుటయే యిందలి మోసము. గోరు నిర్జీవ పదార్థము. దానిని పుట్టించు మూలము మాత్రమే సజీవము. అది గోటి మొదట చర్మము క్రింద దాగియుండును. పైకి కనబడు పలక, కెరటిన్ అను మాంసకృత్తుతో నిండి ఎండిపోయిన కణములు పొరమీద పొరగా నొత్తుకొని యేర్పడినది. వ్రేలిగోటి మందము సుమారు అర మిల్లీమీటరు. జెల్ పూత ఆ పై పొరలను గట్టిగా కరచుకొనియుండును. పూతను బలవంతముగా లాగినచో పొరలును దానితోనే వచ్చును. ఒలిచిన పూతను తిరగవేసి చూచినచో అడుగున తెల్లని పొట్టు కనబడును. అది రంగు కాదు, గోరు. చర్మము చీలినచో మంటపుట్టి మనలను హెచ్చరించును. గోటి కట్టి నోరు లేదు.

జూన్ నెల రెండవ ఆదివారమున, ఆరాధన ముగిసిన పిమ్మట, ఆమె మా యింటికి వచ్చెను. కాఫీ లోటాను అరచేతుల నడుమ నిమిడ్చి పట్టుకొనుట చూచి, వ్రేళ్లు చూపుమంటిని. పది గోళ్లమీదను సున్నము చిలికినట్లు తెల్లని మచ్చలు, తడవినచో గరుకు. కొసలు తడిసిన కాగితమువలె వంగుచుండెను. రెండు గోళ్లు చివర పొరలుగా చీలియుండెను. వేడినీరు తగిలిన మంట, చేతులకు రాచుకొను స్పిరిటు తగిలిన మఱింత మంట. “రోగి చేతికంటించిన పట్టీ మూలను గోటితో లేపుట నాకు చేతగాకున్నది, పెద్దమ్మా. ప్రతిసారి తోడిపిల్లను పిలువవలసి వచ్చుచున్నది. సిస్టరుగారు చూచుచున్నారు” అనెను. మొదటి సంవత్సరపు విద్యార్థినికి అంతకుమించిన చింత యేమి కలదు?

ఆమె సంచిలో గోళ్లకు బలమిచ్చునను నూనె సీసా యొకటియు, బయోటిన్ మాత్రల డబ్బా యొకటియు నుండెను. నూనెను ఉంచుకొమ్మంటిని. మాత్రలను వైద్యుని యడుగక మ్రింగవద్దంటిని. ఆ విటమిను లోపము లేనివారికి అవి మేలుచేయునని చెప్పుటకు గట్టి ఆధారము లేదు. పైగా అధిక మోతాదులో పుచ్చుకొనినచో కొన్ని రక్తపరీక్షల ఫలితములు తారుమారగునని అమెరికా దేశపు ఆహార ఔషధ శాఖవారు 2017లో హెచ్చరించిరి. నర్సు కాబోవు పిల్లకు ఈ సంగతి ముందుగా తెలియుట మంచిది.

పాత నెయిల్ పాలిష్‌నకును ఈ జెల్‌నకును గల భేదము తెలిసికొనినచో తీయు పద్ధతి దానంతట అదే బోధపడును. పాతది నైట్రోసెల్యులోజ్ అను పదార్థమును ద్రావకములలో కరగించి చేసినది. ద్రావకము గాలిలో నెగిరిపోగా రంగు మిగులును. మరల ద్రావకము తగిలినచో నీటిలో పంచదారవలె కరగిపోవును. 2010 ప్రాంతమునుండి పార్లరులలో వ్యాపించిన జెల్ పాలిష్ ఆరునది కాదు, గట్టిపడునది. అందలి అణువులు అతినీలలోహిత కిరణముల దీపము క్రింద ఒకదాని చేయి నొకటి పట్టుకొని వలవలె అల్లుకొనును. ఆ వల కరగదు. అసిటోన్ తగిలినపుడు ఉబ్బి, పట్టు సడలి, పెచ్చులుగా లేచును. దానికి 10 మొదలు 15 నిమిషములు పట్టును. గోళ్లను చెరచునది తఱచుగా ఈ పావుగంట ఓర్వలేకపోవుటయే.

ఓర్పుతో చేయువారు మొదట పై మెరుగును మాత్రము ఆకురాతితో మెల్లగా గరుకుపఱతురు. చుట్టునున్న చర్మమునకు వాజిలీను రాచి, అసిటోన్‌లో తడిపిన దూదిని గోటిమీద మాత్రమే యుంచి, అల్యూమినియం రేకుతో చుట్టుదురు. పావుగంట యైన పిమ్మట కొయ్యపుల్లతో త్రోసినంతనే ఊడినది ఊడును. ఊడనిదానిని గోకరాదు, మరల దూది చుట్టవలెను. మా ప్రయోగశాలలో అసిటోన్ సీసాకు మంటగుర్తు ఏల యంటించియున్నదో పై తరగతుల బాలికలకు తెలియును. అది 56 డిగ్రీలకే మరుగును. దాని ఆవిరి చల్లనివేళనైనను నిప్పునందుకొనును. కావున వంటింటిలో పొయ్యి ప్రక్క కూర్చుండి ఈ పని చేయువారిని చూచిన నాకు గుండె జల్లుమనును.

అసిటోన్ వలన గోరు ఎండిపోవునను మాట నిజమే. అది పలకలోని చమురును తేమను లాగివేయును. అయినను అదే సర్వనష్టమని తలంచుట పొరపాటు. పోయిన తేమను గోరు క్రిందనున్న మెత్తని చర్మమునుండియు గాలినుండియు మరల గ్రహించును. పోయిన పొరను గ్రహింపలేదు. మా యమ్మాయి గోళ్లమీది తెలుపును ఎండుదనమని యామె తలంచెను. నేను ఒక గోటిమీద కొబ్బరినూనె చుక్క వేసితిని, మచ్చ మాయమయ్యెను. ఆమె ముఖము వికసించెను. గంటకు నూనె ఇంకిపోగా మచ్చ మరల కనబడెను. నూనె పడిన కాగితము పారదర్శక మగుట మీరందఱు చూచియుందురు. ఇదియు నట్టిదే. గరుకైన తలము వెలుతురును నలుదెసలకు చెదరగొట్టుటచేత తెల్లగా కనబడును. నూనె ఆ గుంటలను నింపినంతసేపు తెలుపుండదు. నూనె అనవసరమని నా భావము కాదు. అది ఉన్న తేమను నిలుపును, పొరలు చీలకుండ కాపాడును. కాని అది గోటిని తిరిగి కట్టదు.

2012లో ఒక చర్మవైద్య పత్రికలో, జెల్ పాలిష్ వేయించి తీయించుకొనిన యొకరి గోళ్లను శబ్దతరంగములతో కొలిచి, మునుపటికంటె పలుచబడినవని ప్రచురించిరి. పలుచబడుట పూతవలననా, అసిటోన్ వలననా, గోకుటవలననా యనుదానిని ఆ కొలత వేఱుచేసి చెప్పజాలలేదు. రైలులో జరిగిన కథలో అసిటోన్ చుక్కయైనను లేదు గనుక, నాకు సందేహమునకు తావు కనబడలేదు.

ఇక మిగిలినది కాలము. వ్రేలిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగును. మొదటినుండి కొసవఱకు పూర్తిగా మారుటకు 4 మొదలు 6 నెలలు పట్టును. ఈ లెక్కను మన పల్లె బాలికలు గడియారము లేకయే యెఱుగుదురు. ఆషాఢమాసమున పెట్టుకొనిన గోరింటాకు అరచేతిలో రెండు మూడు వారములకే వెలిసిపోవును. గోటిమీది ఎఱుపు మాత్రము వెలియదు. కెరటిన్‌తో కలిసిపోయి గోటితోపాటు ముందుకు సాగును. వినాయకచవితి నాటికి మొదట తెల్లని చంద్రవంక, దీపావళినాటికి కొసన ఎఱ్ఱని అంచు, సంక్రాంతికి ఏమియు లేదు. మా యమ్మాయి గోళ్లకును అదే పంచాంగము. గోళ్లను పొట్టిగా కత్తిరించుకొమ్మంటిని. రాత్రి పరుండబోవునపుడు నూనెగాని వాజిలీనుగాని రాచుకొనుమనియు, గిన్నెలు తోమునపుడు రబ్బరు తొడుగులు వేసికొనుమనియు చెప్పితిని. గోరు నీటిలో నాని ఉబ్బుట, ఆరి కుంచించుకొనుట మాటిమాటికి జరిగినచో పొరలు విడిపోవును. మచ్చలు కనబడకుండ ఇంకొక పూత వేయించుకొందునని యామె యొకసారి యడిగెను. ఆసుపత్రి నియమము నా పక్షమున నుండుటచే వాదము పెరుగలేదు.

వేఱొక యపాయము కలదు. పార్లరు ఖర్చు తప్పించుకొనుటకు దీపమును సీసాలను ఇంటికి తెప్పించుకొను బాలికలు దీనిని ముఖ్యముగా గమనింపవలెను. గట్టిపడని జెల్ చర్మమునకు పదేపదే తగిలినచో కొందఱికి ఎక్రిలేట్ జాతి పదార్థములు పడకపోవుట సంభవించును. గోటి చుట్టు దురద, పొక్కులు, ఒక్కొక్కప్పుడు కనురెప్పల వాపు వచ్చును. ఒకమారు వచ్చిన యీ గుణము సామాన్యముగా జీవితాంతము విడువదు. దంతవైద్యులు పండ్లకు నింపు పదార్థములలోను, ఎముకల శస్త్రచికిత్సలో వాడు సిమెంటులోను ఆ జాతి పదార్థములే యున్నవి. పలుచని రబ్బరు తొడుగులు వానిని ఆపవు. నర్సులకును దంతవైద్యులకును ఇది వృత్తికే అడ్డు కావచ్చును. జెల్ గట్టిపడుటకు తోడ్పడు టి.పి.ఓ. అను ద్రవ్యమును ఐరోపా సమాఖ్యవారు 2025 సెప్టెంబరు 1 నుండి సౌందర్య సాధనములలో నిషేధించిరి. దాని కారణము వేఱు, సంతానశక్తికి హానికరముగా దానిని వర్గీకరించుట. గోరు క్రింది చర్మమునుండి విడిపోయినను, పచ్చబడినను, చుట్టు చీము పట్టినను ఇంటి వైద్యము మాని డాక్టరునకు చూపవలెను.

ఆమె కుడిచేతి ఉంగరపు వ్రేలి గోటిని నేను నెలకొకమారు స్కేలుతో కొలిచి గోడమీది క్యాలెండరులో వ్రాయుచువచ్చితిని. జూలైలో మొదటినుండి 3 మిల్లీమీటర్ల నున్నని గోరు, ఆగస్టులో 6, సెప్టెంబరులో 9. కొత్త గోటికిని పాతగోటికిని నడుమ మెట్టువంటి గీత వ్రేలికి తగులుచుండెను. ఆ గీతవద్ద రెండుసార్లు గోరు విఱిగెను. ఒకసారి నెత్తురు వచ్చుటచే వార్డులో నాలుగు దినములు పట్టీతోను తొడుగుతోను పనిచేసెను. అక్టోబరు చివర పట్టీల మూలలు తానే లేపుచున్నానని చెప్పెను. బొటనవ్రేళ్లు మాత్రము వెనుకబడెను. క్రిస్మసు సెలవులకు వచ్చినపుడు కుడి బొటనవ్రేలి కొసన ఒక మిల్లీమీటరు తెలుపు మిగిలియుండెను. దానిని ఆమెయే గోళ్లకత్తెరతో కత్తిరించి, కాగితములో చుట్టి పారవేసెను.