రెండో మనిషి ‘సరే’ అంటే...

సాయంత్రం ఏడు దాటింది. గేటు చప్పుడైంది. ఆఫీసు నుంచి వచ్చిన ఇంటాయన ఒక చేతిలో టిఫిన్ క్యారియర్, ఇంకో చేతిలో అట్టపెట్టె. పెట్టెలోంచి సన్నగా కుయ్ కుయ్ మంటూ మూలుగు. వంటింట్లోంచి వచ్చిన ఇల్లాలు పెట్టెను చూసింది. ఆయన మొహం చూసింది.

‘మళ్లా తెస్తివా?’

‘కాలవ గట్టున పడుండాయి. తల్లి లేదు. రెండు దినాలే. ఎవరన్నా అడిగితే ఇచ్చేద్దాం.’

ఆ రెండు దినాలు ఎప్పటికీ పూర్తి కావని ఇద్దరికీ తెలుసు. అయినా ఆయన అలాగే చెబుతాడు, ఆమె అలాగే వింటుంది.

కర్నూల్లో అయినా కడపలో అయినా ఇలాంటి ఇల్లు పేటకొకటి కనిపిస్తుంది. వీధిలో వాళ్లు దానికి ‘కుక్కలోళ్ల ఇల్లు’ అని పేరు పెట్టేస్తారు. కొన్ని ఇళ్లలో పెట్టె తెచ్చేది ఆయన, కొన్నిట్లో ఆమె. ఎవరు తెచ్చినా ఆ తర్వాత ఒక క్షణం ఉంటుంది. రెండో మనిషి ‘సరే, లోపలికి తే’ అంటారా, ‘అదో నేనో తేల్చుకో’ అంటారా? జంతువుల శరణాలయాల గురించి రాసేవాళ్లు దయ గురించి రాస్తారు, విరాళాల గురించి రాస్తారు. ఈ ‘సరే’ గురించి పెద్దగా ఎవరూ పట్టించుకోరు. కానీ అసలు ప్రేమకథ ఉన్నది అక్కడే.

మన దేశంలో పేరున్న జంతు శరణాలయాల్లో ఒకటి ఇలాంటి ఇంట్లోనే పుట్టింది. మద్రాసులో. ఆ ఇంటాయన కెప్టెన్ వి.సుందరం, విమానం నడిపే పైలట్. ఆ రోజుల్లో పైలట్ భార్య అంటే ఆకాశం వంక చూస్తూ ఆయన క్షేమంగా దిగాలని దేవుడికి మొక్కుకునే ఇల్లాలు. ఆయన భార్య ఉష అలా మొక్కుతూ కూర్చోలేదు. తనూ విమానం నేర్చుకుంది. 1949లో బెంగుళూరు దగ్గర జక్కూరులోని ప్రభుత్వ శిక్షణ పాఠశాల నుంచి పైలట్‌గా బయటికొచ్చింది. స్వతంత్ర భారతదేశపు తొలి మహిళా పైలట్‌గా ఆమెనే చెప్పుకుంటారు. 1951లో మొగుడూ పెళ్లాలు కలిసి ‘డోవ్’ అనే చిన్న విమానాన్ని లండన్ నుంచి బొంబాయికి 27 గంటల్లో తెచ్చారు. ఇంజన్ హోరులో, నిద్ర లేకుండా, ఒకరు అలసిపోతే ఇంకొకరు అందుకుంటూ సాగే ప్రయాణం. పెళ్లయిన వాళ్లకు దాని సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు!

1959లో మద్రాసులో వానలు ముంచెత్తాయి. ఆ నీళ్లలో ప్రాణాల కోసం కొట్టుకుంటున్న కుక్కపిల్లల్ని సుందరం ఇంటికి తెచ్చారు. ఇంట్లో ఏం జవాబు వచ్చిందో ఆ తర్వాత జరిగింది చూస్తే తెలిసిపోతుంది. ఆ పిల్లల వెనక ఇంకొన్ని వచ్చాయి. ఇల్లు ఇరుకైంది. ఆ ఇరుకులోంచి బ్లూక్రాస్ ఆఫ్ ఇండియా పుట్టింది. మద్రాసు కార్పొరేషన్ వీధికుక్కల్ని పట్టుకుని చంపించే కాలమది. ‘చంపితే తగ్గవు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలండి’ అన్న ఆలోచన 1964లో ఈ కుటుంబం నుంచే వచ్చింది. దాన్ని నగరం ఒప్పుకోవడానికి 1996 దాకా పట్టింది. 32 ఏళ్లు! ఆ తర్వాత 2001లో దేశమంతటికీ అదే పద్ధతిలో నిబంధనలు వచ్చాయి. 2023లో వాటి స్థానంలో కొత్తవి తెచ్చారు. సుందరం 1997లో, ఉష 2010లో కన్నుమూశారు. మన వీధిలో చెవి కొన కత్తిరించి ఉన్న కుక్క కనబడితే, దానికి ఆపరేషన్ అయిందని గుర్తు. ఆ చిన్న గుర్తు వెనక ఓ ఆలుమగల కాపురం ఉందన్నమాట.

వరద నీళ్లలో మూగజీవాలంటే కర్నూలు వాళ్లకు వేరే చెప్పాలా? ఎండాకాలం బిందెలు పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడే ఊరు. అలాంటి ఊరిని 2009 అక్టోబరు 2న తుంగభద్ర ఒకవైపు, హంద్రీ ఇంకోవైపు కమ్ముకున్నాయి. పాతబస్తీ ఇళ్లు మునిగాయి. జనం మేడల మీదికి ఎక్కారు. మేడ లేనివాళ్లు పక్కింటి మేడెక్కారు. పన్నెండేళ్ల తర్వాత 2021 నవంబరు 19 తెల్లవారుజామున అప్పటి కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. చెయ్యేరు రాజంపేట వైపు పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్ల మీద పడింది. మనుషులు పోయారు, గొడ్లు పోయాయి. కరువు నేలకు నీళ్లు వస్తే ఇలాగే వస్తాయి కాబోలు.

వరదలో ముందుగా పోయేది కట్టేసిన జీవం. విప్పి వదిలితే బర్రె ఈదుతుంది, కుక్క ఏ గోడ మీదికో ఎక్కుతుంది. మెడకు తాడు ఉంటే మాత్రం గుంజ దగ్గరే ప్రాణం. అందుకే నీళ్లు చూసిన ఊళ్లలో పెద్దోళ్లు ఇప్పటికీ ఒకటే మాట చెబుతారు... పరిగెత్తే ముందు పలుపు విప్పండి అని. మోకాలి దాకా నీళ్లొచ్చాక ‘అయ్యో, దాని తాడు విప్పలేదే’ అని ఒకరికి గుర్తొస్తుంది. ఆయన మెట్లు దిగబోతాడు. ఆమెకు అది ప్రాణాలతో చెలగాటమని తెలుసు. ‘వద్దు, పోవద్దు’ అనడం ప్రేమే. కొడవలి చేతికిచ్చి, పైన కొంగు చివర పట్టుకుని నిలబడటమూ ప్రేమే. ఆ రెంటిలో ఏది గొప్పదని అడిగితే మేడ మీద నిలబడ్డ వాళ్లే చెప్పాలి.

సీమ వాళ్లకు మూగజీవాల మీద మమకారం పట్నం నుంచి వచ్చిన ఫ్యాషన్ కాదు. ఇక్కడి రైతు ఇంట్లో మనుషులు పడుకునే గదికీ ఎద్దులు ఉండే కొట్టానికీ మధ్య ఒక్క గోడే అడ్డం. 2002 నాటి కరువులాంటి ఏడాదుల్లో గడ్డి దొరక్క ఎద్దుల్ని సంతకు తోలిన ఇళ్లు తక్కువేం కాదు. తోలే రోజు ఇల్లాలు దాని నుదుట పసుపు కుంకుమ పెట్టి, ఇంత జొన్నరొట్టె తినిపించి, వెనక్కి తిరిగి లోపలికి పోయేది. ఆయన రెండు రోజులు సరిగ్గా అన్నం తినేవాడు కాదు. ఏ జేజో ముసలెద్దును పట్టుకుని ‘పదేండ్లు మనకు చాకిరీ చేసింది, దానికి ఇంత గడ్డి ఏయలేమా’ అని అడ్డం కూర్చుంటే, ఆ ఇంటి కొట్టమే శరణాలయం అయ్యేది. బోర్డు ఉండదు, రశీదు పుస్తకం ఉండదు. సర్కారు వారి బందెలదొడ్డి ఉండేది గానీ, అది పొలంలో పడి మేసిన గొడ్డును పట్టుకుపోయి పెట్టే చోటు. జరిమానా కట్టి విడిపించుకోవాలి. దానికీ శరణాలయానికీ తేడా గొడ్డుకు తెలుసు!

మన తెలుగువాళ్లు బాగా ఎరిగిన జంట ఇంకోటుంది. 1987లో ‘కిరాయి దాదా’, 1989లో ‘శివ’, 1991లో ‘నిర్ణయం’... తెర మీద జతకట్టిన నాగార్జున, అమల 1992 జూన్‌లో పెళ్లి చేసుకున్నారు. అదే ఏడాది బ్లూక్రాస్ ఆఫ్ హైదరాబాద్ మొదలైంది. ఇద్దరూ కలిసి పెట్టిన సంస్థ. అమల డాన్సు నేర్చుకున్నది మద్రాసు కళాక్షేత్రంలో. దాన్ని స్థాపించిన రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో జంతువుల కోసం బిల్లు తెచ్చిన మనిషి. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 1960లో వచ్చిందంటే ఆమె పట్టుదలే కారణం. ఆవిడదీ ప్రేమ పెళ్లే. 1920లో, పదహారేళ్లకు, తనకంటే ఎంతో పెద్దవాడైన ఇంగ్లిషాయన్ని చేసుకుంటే మద్రాసు అట్టుడికింది. కొత్తగా పెళ్లయిన హీరోయిన్ అంటే జనం నగల గురించి, చీరల గురించి అడుగుతారు. అమల దగ్గరికి దెబ్బ తగిలిన కుక్కల్ని, కాలు విరిగిన దూడల్ని తీసుకెళ్లడం హైదరాబాద్‌కు అలవాటైపోయింది. దానికి నాగార్జున ‘సరే’ అన్న మనిషి. అభిమానులు ఆయన సినిమాల లెక్క చెబుతారు గానీ, ఆ లెక్కలో ఇదీ రాసుకోవాలి.

సినిమా వాళ్లకైతే బంగళా, పనివాళ్లు ఉంటారు, మనకెలా కుదురుతుంది అంటారెవరైనా. ఆ మాటలో నిజముంది. అట్టపెట్టె ఇల్లు చేరిన రాత్రి ఎలా ఉంటుందో తెచ్చినవాళ్లకే తెలుసు. కళ్లు తెరవని పిల్లకు రెండు మూడు గంటలకోసారి పాలు పట్టాలి. ఆవుపాలో బర్రెపాలో పోస్తే విరేచనాలు పట్టుకుంటాయి, కుక్కపిల్లల పాలపొడే కావాలి. పక్కన వెచ్చగా ఏదో ఒకటి ఉండాలి, నీళ్లసీసాకు గుడ్డ చుట్టి పెట్టినా సరే. ఆరేడు వారాలు దాటాక టీకాలు మొదలు. మూడు నెలలకు రేబిస్ టీకా. ఇందులో సగం రాత్రి నిద్ర ఆయనది, సగం ఆమెది. రెండింటికి ఆయన అలారం, నాలుగున్నరకు ఆమె అలారం. ఇక దసరా సెలవులకు పుట్టింటికి పోదామంటే ఇద్దరూ కలిసి పోలేరు. ఒకరు ఉండాలి. బంధువులు ‘ఏం, గొడవపడినారా?’ అని ఆరా తీస్తారు.

వీధి సంగతీ ఉంది. కుక్క కరిచిన పిల్లవాడి తల్లి ముందు నిలబడి దయ గురించి మాట్లాడితే ఆమెకు మండుతుంది. మండాలి కూడా. కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటి కింద పావుగంట కడిగి, వెంటనే ఆస్పత్రికి పోయి టీకా వేయించుకోవాల్సిందే. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మందు లేనట్టే. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమని మొదట ఆదేశించింది. ఆ నెలలోనే దాన్ని మార్చి, ఆపరేషనూ టీకా అయ్యాక, రేబిస్ ఉన్నవీ మీద పడి కరిచేవీ తప్ప మిగతావాటిని తెచ్చిన చోటే వదలమంది. దేశమంతా రెండుగా చీలి వాదించుకుంది. ఒకే మంచం మీద పడుకునే ఇద్దరు కూడా వాదించుకునే ఉంటారు. కుక్కలోళ్ల ఇంట్లో వాదన ఇంకోలా ఉంటుంది... పెట్టెలో నాలుగుంటే, ఆపరేషన్ ఖర్చు ఎన్నింటికి భరించగలం? పక్కింటి వాళ్లతో మాటపడాల్సి వస్తే ఎవరు పడాలి?

పెళ్లిచూపుల్లో వంట వచ్చా, పాట వచ్చా అని అడిగే కాలం పోయింది. జీతమెంత, ఊరేది అని అడుగుతున్నారు. వీధిలో కుయ్ మంటున్న పిల్లను ఇంటికి తెచ్చే అలవాటున్న అమ్మాయి, ఆ ముక్క ముందే చెప్పేస్తే మంచిది. చెప్పాక అబ్బాయి నవ్వితే సగం తెలిసినట్టు. ‘మా మేడ మీద రేకుల షెడ్డు ఖాళీగా ఉంది’ అంటే ఇంక ముహూర్తం పెట్టించుకోవచ్చు.

ఆ గేటు దగ్గరికి మళ్లీ వస్తే... ఆయన ఇంకా గడపలోనే నిలబడి ఉన్నాడు. లోపలి నుంచి అత్తగారు, ‘ఏమొచ్చె మళ్లా ఇంట్లోకి?’ అని అడుగుతోంది.

‘ఏం ల్యా అత్తా, కూరగాయలు’ అంది కోడలు. పెట్టె అందుకుని, ‘ఎన్ని?’ అని మెల్లగా అడిగింది.

‘మూడు.’

‘పోయినతూరి రెండే గదా!’ అంటూ పాత చీర వెతకడానికి బీరువా తెరిచింది.