పండక్కి వచ్చే స్నేహితులకి ఏం పోద్దాం?

కొంచెం పెద్ద పోస్టు ఇది, తీరిక ఉన్నప్పుడు చదవండి.

ఈ ఏడాది ఇటుకల పండక్కి, నర్సీపట్నంలో మాతో చదువుకుంటున్న మైదానం స్నేహితుల్ని మా ఊరికి పిలిచాం. పదకొండు మంది వస్తామన్నారు. డౌనూరు దాటి ఘాట్ ఎక్కి, లంబసింగి మీదుగా చింతపల్లి, అక్కడి నుంచి ఆటో. తిండి సంగతి పది నిమిషాల్లో తేలిపోయింది. బొంగులో నాటుకోడి, సామ అన్నం, చోడి తోప, చింతకాయ వేసిన ఎండు చేపల పులుసు, పనసకాయ కూర. పెద్దవాళ్లు పంది మాంసం కూడా ఉంటుందన్నారు, తినేవాళ్లు తింటారు. కానీ దాంతో పాటు తాగడానికి ఏం పెట్టాలి అనే దగ్గర ఆగిపోయాం. రూములో మూడు రాత్రులు దీని మీదే మాట్లాడుకున్నాం.

కొందరు జీలుగు కల్లు లేకుండా పండగేంటి అన్నారు. ఒకడు, వచ్చేవాళ్లు పట్నం పిల్లలు కదా, వైజాగ్ నుంచి రెండు వైన్ బాటిళ్లు తెద్దాం, మర్యాదగా ఉంటుంది అన్నాడు. ఇంకొందరు అసలు ఏమీ వద్దు, మజ్జిగ చాలు అన్నారు.

వైన్ అన్నవాడు ఊరికే అనలేదు. వాడు హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతున్నాడు, వాళ్లకి ఒక పాఠమే ఉందట, ఏ మాంసానికి ఏ వైన్ అని. అమెరికాలో నవంబర్ నాలుగో గురువారం థాంక్స్ గివింగ్ అని పండగ చేసుకుంటారు. ఆ రోజు టర్కీ కోడిని మొత్తంగా కాలుస్తారు. దాని రొమ్ము మాంసం తెల్లగా, కొవ్వు లేకుండా, తొందరగా ఎండిపోయేలా ఉంటుంది. కాలు మాంసం నల్లగా, రుచి ఎక్కువగా ఉంటుంది. పక్కన పుల్లగా తియ్యగా ఉండే క్రాన్‌బెర్రీ పచ్చడి. ఇన్ని రుచులకి ఒకటే వైన్ దొరకడం కష్టం కాబట్టి నోరు వగర్చే ముదురు ఎర్ర వైన్లు వదిలేసి, పినో నువార్ లాంటి తేలికపాటి ఎర్రదో, రీస్లింగ్ లాంటి పుల్లటి తెల్లదో పెడతారట. పులుపు ఉంటే కొవ్వుని కడిగి, నోటిని మళ్లీ తర్వాతి ముద్దకి సిద్ధం చేస్తుంది. వగరు ఎక్కువైతే ఎండు మాంసం ఇంకా ఎండినట్టు అనిపిస్తుంది.

ఇది విని మాలో ఒక పిల్ల నవ్వింది. "దీనికి కాలేజీ ఎందుకురా, మా అమ్మమ్మ పంది కూరకి పులిసిన కల్లు, కోడికి పొద్దున్న దించిన కల్లు అని ఎప్పుడో చెప్పింది" అంది.

ఆ టర్కీ గురించి ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ పక్షిని మొదట పెంచింది తెల్లవాళ్లు కాదు, మెక్సికో ప్రాంతంలోని ఆదివాసులు. ఐరోపా వాళ్లు అక్కడి నుంచే తీసుకుపోయారు. 1970లో, పడవ మీద వచ్చినవాళ్లు ప్లిమత్‌లో దిగి 350 ఏళ్లయిందని ఉత్సవం చేస్తూ, వాంపనోగ్ తెగ పెద్ద ఒకాయన్ని మాట్లాడమని పిలిచారు. వాంసుత్తా ఫ్రాంక్ జేమ్స్ ఆయన పేరు. ఆయన రాసుకున్న ప్రసంగం ముందే చూసి, అది చదవనివ్వలేదు. ఆయన, ఆయన వాళ్లు ఆ ఏడాది థాంక్స్ గివింగ్ రోజున ప్లిమత్‌లో కొండ మీద నిలబడి దాన్ని సంతాప దినంగా పాటించారు. అప్పటి నుంచి ప్రతి ఏడూ పాటిస్తున్నారు. పండగ భోజనం దగ్గర ఎవరు పిలుస్తున్నారు, ఎవరు అతిథి, ఎవరి కోడి అన్నది చిన్న విషయం కాదని మాకు అప్పుడు అనిపించింది. మా ఊళ్లో పిలిచేది మేము. పెట్టేది మా ఇష్టం, కానీ ఆ ఇష్టం ఏంటో మాకు తెలిసుండాలి కదా.

వైన్ మాట రుచి లెక్కలోనే పక్కకి పోయింది. మా వంటలో పచ్చిమిర్చి, ఎండుమిర్చి గట్టిగానే పడతాయి. నూటికి పదమూడు, పద్నాలుగు పాళ్లు ఆల్కహాల్ ఉన్న ఎర్ర వైన్ కారం మీద పడితే మంట తగ్గదు, పెరుగుతుంది. తేవాలంటే కొంచెం తియ్యటి, బాగా చల్లబెట్టిన తెల్లది తేవాలి. చైత్రం ఎండలో, ఫ్రిజ్ లేని ఇంట్లో, చల్లబెట్టడం ఎక్కడ? వాగులో బాటిల్ ముంచి పెడదాం అన్నాడు వాడు. ఆలోచన బాగానే ఉంది గానీ డబ్బు చూసుకుంటే మూడు కోళ్లు వస్తాయి.

ఇక జీలుగు. కిందవాళ్లకి తాటి కల్లు, ఈత కల్లు తెలుసు, జీలుగు చాలామంది చూడలేదు. ఆకు చేప తోకలా చీలి ఉంటుంది. ఒడిశా వైపు దీన్నే సలప అంటారు. చెట్టు పదేళ్లు దాటాక గానీ గెల వెయ్యదు. మొదటి గెల పైన వేస్తుంది, తర్వాతది దాని కింద, అలా దిగుతూ వస్తుంది. ఆఖరి గెల అయ్యాక చెట్టు చచ్చిపోతుంది. అందుకే జీలుగు చెట్టున్న ఇంటివాళ్లు దాన్ని మనిషిలా చూసుకుంటారు, ఇంకా ఎన్ని గెలలు ఉన్నాయో వేళ్ల మీద లెక్క చెప్తారు. కరువు రోజుల్లో మాను లోపలి పిండి కూడా తిన్నారు పాతవాళ్లు. గీసే మామ గణుపులున్న వెదురు బొంగుని చెట్టుకి కట్టి, దాన్నే నిచ్చెనగా ఎక్కుతాడు. గెల కాడ కొస పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పల్చగా కోస్తాడు. కుండలో బొట్టు బొట్టుగా పడుతుంది.

ఎవరైనా సారాకీ కల్లుకీ తేడా ఏంటి అని అడిగితే ఇది చెప్పండి. కల్లుని ఎవరూ కాయరు. గెల నుంచి కారినప్పుడు అది తియ్యటి నీళ్లే. గాలిలో, కుండలో ఉన్న ఈస్టు ఆ చక్కెరని తినడం మొదలుపెడుతుంది. పొద్దున్నే దించితే తియ్యగా, నాలుక మీద సన్నటి చురుకుతో ఉంటుంది. ఎండెక్కేకొద్దీ నురగ, సాయంత్రానికి పులుపు, మర్నాటికి దాదాపు పులిసిన గంజి. మత్తు కూడా అదే లెక్కలో పెరుగుతుంది. మహా అయితే బీరు దగ్గర ఆగుతుంది, అదీ తాగినంత కొద్దీ. సారా అలా కాదు, పులిసినదాన్ని కాచి, ఆవిరిని చల్లార్చి, మత్తుని ఒకచోట చేర్చేది.

రుచి సంగతికొస్తే, బొంగులో కోడికి నూనె ఉండదు. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించి, పచ్చి బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద తిప్పుతారు. బొంగులో ఉన్న తడితోనే ఉడుకుతుంది, పొగ వాసన పడుతుంది. దానికి పొద్దుటి కల్లు తీపి బాగా కుదురుతుంది, కారాన్ని తగ్గిస్తుంది. మధ్యాహ్నం దాటిన పులుపు పంది మాంసానికి, ఎండు చేపలకి. అమ్మమ్మ మాట రైటే. హోటల్ మేనేజ్‌మెంట్ వాడు కూడా ఒప్పుకున్నాడు.

ఇప్ప సారా సంగతి వేరు. ఇటుకల పండగ రోజుల్లోనే ఇప్ప పువ్వు రాలుతుంది. తెల్లారకముందే బుట్టలు పట్టుకుని పోవడం మాలో అందరికీ చిన్నప్పటి పని. ఎండబెట్టిన పువ్వు కిస్‌మిస్ లాగే ఉంటుంది, ఉడకబెట్టుకుని తింటాం కూడా. అదే పువ్వుని నానబెట్టి పులియబెట్టి కాస్తే సారా. మధ్యప్రదేశ్‌లో ఈ ఇప్ప సారానే వారసత్వ మద్యం అని పేరు పెట్టి సీసాల్లో అమ్మే ఏర్పాటు చేశారు. ఇక్కడ మనం కాస్తే కేసు. ఆ తేడా చూస్తే కోపం వస్తుంది, నిజమే. అయినా భోజనంలోకి సారా వద్దన్నాం, చట్టం కోసం మాత్రమే కాదు. అంత ఘాటుది నోట్లో పడితే సామ అన్నం రుచి, పనసకాయ రుచి ఏదీ తెలీదు. పైగా ఇప్పుడు ఇప్ప సారా పేరుతో సంతల దగ్గర దొరికేది చాలావరకు నల్లబెల్లం, నవసాగరం వేసిన ఊట. అది ఎవరి పొయ్యి మీద, ఏ డబ్బాలో దిగిందో చెప్పేవాడు ఉండడు.

ఇక్కడి దాకా నవ్వుకుంటూనే మాట్లాడాం. తర్వాత మాలో ఒక అక్క మాట్లాడింది. వాళ్ల నాన్న సారాతోనే పోయాడు, తను ఎనిమిదో క్లాసులో ఉండగా. "మీరు కల్లు తాగుతారో మానుతారో నాకు అనవసరం. నా ముందు గ్లాసు పెట్టి ఇది మన సంస్కృతి అని మాత్రం చెప్పొద్దు. మా అమ్మ అడవిలో అడ్డాకులు కోసి నన్ను చదివించింది. అదీ మన సంస్కృతే, దాని గురించి ఎవరూ పోస్టు పెట్టరు" అంది. చాలాసేపు ఎవ్వరం ఏమీ అనలేదు. అందుకే ఈ పోస్టులో ఆ మాట, ఆమెని అడిగి, రాస్తున్నాం.

ఇంకో మాట కూడా ఉంది. నర్సీపట్నంలో రూము కోసం తిరిగినప్పుడు ఒక ఓనరు ఊరు అడిగి, వెంటనే "మీవాళ్లు తాగుతారుగా" అన్నాడు. మేం ఇంకా ఫ్యాను ఉందా అని కూడా అడగలేదు. మీలో చాలామందికి ఇలాంటిది జరిగే ఉంటుంది. అదే వీధి చివర బ్రాందీ షాపు ముందు సాయంత్రం నిలబడేవాళ్లంతా కొండ దిగి వచ్చినవాళ్లు కాదు. ఇలాంటివి వినీ వినీ, మైదానం వాళ్ల ముందు కల్లు కనపడకుండా దాచెయ్యాలని కొందరికి అనిపించింది. మజ్జిగ చాలు అన్నది అందుకే.

దాచాలా అంటే, మన పాత కథ గుర్తొచ్చింది. 1879 మార్చిలో మొదలైన రంప పితూరీకి ఒక ముఖ్య కారణం కల్లే. అప్పటిదాకా సొంత చెట్టు గీసుకుని తాగడానికి ఎవర్నీ అడగనక్కర్లేదు. మద్రాసు ప్రభుత్వం కొత్త అబ్కారీ నిబంధనలు తెచ్చి, కల్లు హక్కుని కాంట్రాక్టర్లకి ఇచ్చింది. పైన మన్సబుదారు చిగురుపన్ను. ఇంటికోసం గీసుకున్నా నేరమే. తిరగబడ్డారు. అది రంపతో ఆగలేదు, మన పక్కనున్న గొలుగొండ కొండలకీ వచ్చింది, ఆ ఏడాదే భద్రాచలం వైపుకీ పాకింది. మత్తు కోసం కాదు ఆ పోరాటం, మా చెట్టు మీద నీ పెత్తనం ఏంటని.

నలభై ఏళ్ల తర్వాత అల్లూరి సీతారామరాజు ఇదే మన్యంలో తాగుడు మానండి, తగువులు కోర్టులకి పోకుండా పంచాయతీల్లో తీర్చుకోండి అని ఊరూరా తిరిగి చెప్పాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడినవాళ్లలో ఆ మాట విన్నవాళ్లు ఉన్నారు. ఒక తరం గీసుకునే హక్కు కోసం చచ్చిపోయింది, ఇంకో తరం మానెయ్యమన్న మనిషి వెంట నడిచింది. ఇద్దరూ మనవాళ్లే. అక్క మాటకి, కల్లు ఉండాలన్నవాళ్ల మాటకి మధ్య ఎక్కడ నిలబడాలో మాకు కొంచెం అర్థమైంది ఇక్కడే. 1996లో వచ్చిన పెసా చట్టం కూడా, మత్తు పదార్థాల్ని నిషేధించాలన్నా, అమ్మకాన్నీ వాడకాన్నీ అదుపులో పెట్టాలన్నా షెడ్యూల్డు ప్రాంతంలో గ్రామసభకి, పంచాయతీకి అధికారం ఉండాలని చెప్తోంది. మన ఊళ్లలో ఎన్ని గ్రామసభలు ఈ సంగతి కూర్చుని మాట్లాడాయో మీరే చెప్పాలి. బెల్టు షాపు గురించి మహిళా సంఘం వాళ్లే ఎక్కువ మాట్లాడారు మా దగ్గర.

చివరికి ఇలా అనుకున్నాం. ముందు పూజారి తాత శంకు దేవుడి దగ్గర, పెద్దల పేరు చెప్పి ఆకు దొప్పలో నాలుగు చుక్కలు వదులుతాడు. అది ఆయన పని, ఏం వదలాలో మేం చెప్పం. భోజనాల దగ్గర అందరికీ, పిల్లలతో సహా, చోడి అంబలి. ముందు రోజు రాత్రే పిండి కలిపి పెట్టి, పొద్దున్న నూకతో కాస్తే మధ్యాహ్నానికి చల్లగా, కొంచెం పుల్లగా తయారవుతుంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి పక్కన. నిజం చెప్పాలంటే పుల్లదనం కొవ్వుని కడుగుతుందన్న ఆ వైన్ పాఠం అంబలికి కూడా సరిగ్గా సరిపోతుంది, మత్తు లేకుండా. అంబలి కుండ దగ్గర అక్క కూర్చుంటానంది.

జీలుగు కల్లు ఆ పొద్దున దించిందే, ఒక్క కుండ. అడిగినవాళ్లకే, 21 నిండినవాళ్లకే, అడ్డాకు దొప్పలో. వచ్చే స్నేహితుల్లో ఇంటర్ పిల్లలు ముగ్గురున్నారు, వాళ్లకి లేదు. ఎవర్నీ "ఒక్క గుక్క" అని బలవంతం చెయ్యకూడదు, తాగుతూ ఫోటో తీసి స్టేటస్ పెట్టకూడదు. సారా లేదు, షాపు సీసా లేదు. అన్నాలయ్యాక కాఫీ, మా తోటలోదే, పాలు లేకుండా బెల్లం వేసి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ, కాఫీ పండించే మన ఇళ్లలో చాలామంది తాగేది ఇప్పటికీ టీయే. ఈసారి మార్చి చూద్దాం అనుకున్నాం.

దీనికి అందరూ ఒప్పుకోలేదు. ఒక తమ్ముడు ఆ ఒక్క కుండ కూడా వద్దంటున్నాడు, ఒక కుండ అంటే నాలుగు అవుతుందని. వాడి భయం ఉత్తిదని మేం అనలేం. కుండ ఖాళీ అయ్యాక రెండోది దించొద్దని గీసే మామకి చెప్పే బాధ్యత వాడికే ఇచ్చాం. మామ నవ్వి, "చెట్టు నీ మాట వినదురా, నేను వింటాలే" అన్నాడట.

మన ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ముందు రోజు సాయంత్రానికే రండి, దొప్పలు కుట్టాలి, దాదాపు రెండు వందలు కావాలి. ఈనెలు మేం తెస్తాం. మీ ఊళ్లో పండగ భోజనంలో ఏం పోస్తారో, కోడికి ఏది, చేపకి ఏది అని పెద్దవాళ్లని అడిగి రాయండి. కొయ్యూరు, జీకే వీధి, పెదబయలు వైపు పద్ధతులు వేరుగా ఉంటాయని విన్నాం. ప్లాస్టిక్ గ్లాసులు మాత్రం ఎవరూ తేవొద్దు.