లక్షల లెక్కలో లేనివాళ్లు

వంశధార సముద్రంలో కలిసే చోటు కళింగపట్నం. శ్రీకాకుళం నుంచి సుమారు 30 కిలోమీటర్లు. పొద్దున్నే వెళ్తే ఒడ్డుకు చేరిన పడవలు, వలలు దులిపే మగవాళ్లు, గంపలు పట్టుకుని బేరాలాడే ఆడవాళ్లు... తీరమంతా సందడే సందడి! ఓ పక్క లైట్‌హౌస్, మరో పక్క మదీనా సాహెబ్ దర్గా. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు ఇది. ఇప్పుడా ఓడలు లేవు. పేరులో కళింగ మాత్రం మిగిలింది.

ఆ పేరు వినగానే చిన్నప్పటి చరిత్ర పాఠం గుర్తుకొస్తుంది. క్రీ.పూ. 261 ప్రాంతంలో అశోకుడు చేసిన కళింగ యుద్ధం. లక్ష మంది హతమయ్యారని, లక్షన్నర మందిని తరలించుకుపోయామని 13వ శిలాశాసనంలో ఆయనే చెప్పుకొన్నాడు. విచిత్రమేమిటంటే, కళింగ నేల మీదున్న ధౌలి, జౌగడల్లో ఆ శాసనం చెక్కించలేదు. దెబ్బతిన్న వాళ్ల ముందు ఆ లెక్క చెప్పలేదన్నమాట! మనుషులకూ పశువులకూ వైద్యం, మందుమొక్కల పెంపకం గురించి చెప్పే 2వ శాసనం మాత్రం అక్కడా ఉంది. ఆ లెక్కలో గానీ, ఈ వైద్యంలో గానీ స్త్రీల మాట విడిగా లేదు. భర్తల్ని పోగొట్టుకున్నవాళ్లు, నిండు చూలాళ్లు ఏమైపోయారు?

ఇలాంటి ప్రశ్నే మన కాలపు యుద్ధాల గురించి వేసినవారు మెరెడెత్ టర్షెన్. అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేశారు. చిత్రకారిణి కూడా. ఆఫ్రికా స్త్రీల ఆరోగ్యం మీద ఏళ్ల తరబడి పరిశోధించారు. యుద్ధకాలంలో అక్కడి స్త్రీల అనుభవాలపై రువాండాకు చెందిన క్లోటిల్డ్ ట్వాగిరమరియాతో కలిసి 1998లో ఒక పుస్తకం తెచ్చారు. యుద్ధం ముగిశాక వాళ్ల బతుకేమిటన్న దానిపై మరో ఇద్దరితో కలిసి 2001లో ఇంకొకటి. తుపాకులు ఆగినంత మాత్రాన స్త్రీలకు శాంతి దక్కదంటాయి ఆ రచనలు. హింస ఇంట్లోకి వస్తుంది. మగవాళ్లు లేనప్పుడు చేతికొచ్చిన పనీ, పెత్తనమూ వాళ్లు తిరిగి రాగానే చేజారిపోతాయి.

కళింగపట్నం వచ్చినవాళ్లు దగ్గర్లోని శాలిహుండం కొండ కూడా ఎక్కాలి. ఇక్కడి బౌద్ధ శిథిలాల్ని 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి పంతులు. స్తూపాలతో పాటు తారాదేవి, మారీచి విగ్రహాలు బయటపడ్డాయి. నీటి గండం నుంచి కాపాడే తల్లిగా బౌద్ధులు తారను కొలిచేవారు. యుద్ధం జరిగిన ఎన్నో వందల ఏళ్లకు ఈ నేల మీద స్త్రీమూర్తి దేవతగా నిలిచింది. మామూలు స్త్రీ కథ మాత్రం రాతికెక్కలేదు.

కొండ దిగి తీరానికొస్తే పొద్దుటి గంపలు ఖాళీ అయివుంటాయి. ఇంటిదారి పట్టిన ఆడవాళ్లకు ఇంకా వంట పనుంది. ఆనాటి కళింగ స్త్రీలు కూడా యుద్ధం మర్నాడు ఎక్కడో ఒకచోట పొయ్యి వెలిగించే ఉంటారు. పిల్లలకు కళింగ యుద్ధం పాఠం చెప్పేటప్పుడు, లక్ష అంకెతో పాటు వాళ్లనూ ఒకసారి తలుచుకోవాలి.