ఒడిలోని చేట

నిజామాబాద్, జగిత్యాల జిల్లాల ఇళ్ల అరుగుల మీద ఆడవాళ్ల ఒడిలో కనిపించే బీడీల చేటలో తునికాకు, పొగాకు, దారంతో పాటు, ఒక దేహం తన శ్రమకు తానే కట్టుకున్న వెల కూడా ఉంటుంది. ఏ కూలి కన్నా తక్కువైతే మనిషి పనికి ఒప్పుకోడో ఆ హద్దును అర్థశాస్త్రం ‘రిజర్వేషన్ వేతనం’ అంటుంది; ఒంట్లో సత్తువ ఉన్నంతకాలం, నాట్లకో మరో ఊరి పనికో నడిచి వెళ్లగల కాళ్లు ఉంటాయి కనుక, ఆ హద్దు నిటారుగా నిలుస్తుంది. వెయ్యి బీడీల లెక్కన కూలి ముట్టే ఈ పనిలో మెడ పట్టేసి, పొగాకు ధూళికి దగ్గు ముదిరి, వేళ్లు మందగించిన కొద్దీ, రేటు మారకుండానే రోజు సంపాదన కుంగుతుంది. బయటి పనికి కదలలేని దేహం మెల్లగా తన ఆశను తగ్గించుకొని, దొరికినదానికి తలవంచి, చివరికి చేటను గోడకు ఆనించి పని నుంచే తప్పుకుంటుంది. నొప్పి ఎక్కువ అడగమంటున్నా, పేదరికం తక్కువకే ఒప్పిస్తుంది. 1976లో వచ్చిన బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం వైద్యాన్ని కార్మిక సంక్షేమంలో భాగంగా గుర్తించింది. న్యాయమైన కూలి అడగాలంటే ముందు గొంతులో ఊపిరి నిలవాలి. ఆ ఊపిరిని కాపాడటం ఆ శ్రమతో బతికే సమాజం బాధ్యత.