పులుసు లేని చేపల వేట

నలభై ఆరేళ్ళ వయసులో నేను చేపలు పట్టడానికి బయల్దేరానంటే మీకు నవ్వొస్తుంది కదూ! మావారికీ వచ్చింది. "తెచ్చిన చేపలు శుభ్రం చెయ్యడానికే విసుక్కుంటావు, ఇంక పట్టడం కూడానా?" అన్నారు. పట్టిన చేపని మళ్ళీ నీళ్ళలో వదిలెయ్యాలని చెప్పేసరికి ఆయన ముఖం చూడాలి. "మరి పులుసు?" అన్నారు నీరసంగా.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. మాది నరసాపురం. పెళ్ళయ్యాక మావారి ఉద్యోగం వల్ల అమెరికా వచ్చి పిట్స్‌బర్గ్ దగ్గర ఉంటున్నాం. 2022లో ఒకరోజు స్నానం చేస్తుంటే కుడివైపు రొమ్ములో బఠాణీ గింజంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని నాలుగు నెలలు ఊరుకున్నాను. అమ్మాయి చదువు, ఇంటికి చుట్టాలు, ఆ తర్వాత దసరా. మన పనులకి అంతెక్కడుంటుంది చెప్పండి! తీరా డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి చంకలో గ్రంథులకి కూడా పాకిందన్నారు. ఆపరేషను, కీమో, రేడియేషను అన్నీ అయ్యాయి. దేవుడి దయవల్ల గండం గడిచింది. కానీ కుడిచెయ్యి భుజం దాటి పైకి లేచేది కాదు. వంటింట్లో పై అరలో ఉన్న ఇడ్లీ పాత్ర అందుకోవాలంటే మావారినో అమ్మాయినో పిలవాల్సిందే.

నరసాపురంలో మా అమ్మకి మాత్రం ఈ సంగతి తెలియనివ్వలేదు. ప్రతి ఆదివారం ఫోన్లో "బాగున్నానమ్మా" అనేదాన్ని. జుట్టు ఊడిన రోజుల్లో కెమెరా పాడైందని అబద్ధం చెప్పాను.

మా పక్కింటావిడ స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆవిడకీ పదేళ్ళ కిందట ఇదే ఆపరేషను అయిందట. గోడ మీద వేళ్ళు పాకిస్తూ నేను చేసే వ్యాయామం చూసి, "నీకు ఇంతకంటే సరదా అయిన వ్యాయామం నేర్పిస్తాను" అన్నారు. కాస్టింగ్ ఫర్ రికవరీ అనే సంస్థ ఒకటుంది. 1996లో వెర్మాంట్ రాష్ట్రంలో మొదలైంది. మొదలుపెట్టిన వాళ్ళలో ఒకావిడ ఫ్లై ఫిషింగ్‌లో ఆరితేరిన మనిషి, ఇంకొకావిడ రొమ్ము ఆపరేషన్లు చేసే సర్జను. రొమ్ము కేన్సర్ వచ్చిన ఆడవాళ్ళ దగ్గర డబ్బు తీసుకోకుండా, రెండున్నర రోజులు నది దగ్గర ఉంచి ఈ విద్య నేర్పుతారు. కర్ర ఊపే ఊపు, ఆపరేషను తర్వాత చెయ్యి సాగడానికి చేసే వ్యాయామం లాంటిదేనట. పక్కింటావిడ అక్కడే నేర్చుకున్నారు. మా ఫిజియోథెరపీ అమ్మాయిని అడిగితే, "మెల్లగా మొదలుపెట్టండి, చెయ్యి వాస్తే ఆపెయ్యండి" అని ఒప్పుకుంది. మీలో ఎవరైనా ఇలాంటి ప్రయత్నం చేస్తే ముందు డాక్టర్ని అడగడం మరిచిపోకండి.

చేపలు పట్టడం అంటే నాకు తెలిసింది మా నాన్నగారి గాలమే. వెదురు కర్ర, దారం, బెండు, సీసపు గుండు, కొక్కేనికి వానపాము. కాలవ గట్టు మీద అన్నయ్యకి కర్ర ఇచ్చేవారు గానీ "ఆడపిల్లవి నీకెందుకే" అని నాకు ఇచ్చేవారు కాదు. ఈ ఫ్లై ఫిషింగ్ అలా కాదు. ఫ్లై అంటే ఈగ. చిన్న కొక్కెం చుట్టూ ఈకలు, వెంట్రుకలు, దారం చుట్టి పురుగులా కనిపించేలా కడతారు. దానికి బరువే ఉండదు. మామూలు గాలంలో గుండు బరువుకి దారం దూరంగా పోతుంది. ఇందులో దారానికే బరువుంటుంది, అదే ఈగని మోసుకుపోతుంది. అందుకే దారం లావుగా, మెత్తగా ఉంటుంది. దాని చివర 9 అడుగుల సన్నని తీగ కడతారు. దాన్ని లీడర్ అంటారు. మొదట్లో లావుగా ఉండి, కొసకి వచ్చేసరికి తలవెంట్రుకలా అవుతుంది. అది చేప కంటికి సరిగా ఆనదు.

కొత్తవాళ్ళకి 9 అడుగుల పొడవు, 5వ నంబరు కర్ర మంచిదన్నారు. నంబరు పెరిగితే దారం బరువు పెరుగుతుంది, పెద్ద చేపలకన్నమాట. నాలుగు ముక్కలుగా విడదీసి సంచిలో పెట్టుకోవచ్చు. బరువెంతో తెలుసా? వంద గ్రాములు కూడా లేదు. మన అట్లకాడే అంతకంటే బరువు! కర్ర, రీలు, దారం కలిపి సెట్టుగా కొంటే నాకు 170 డాలర్లయింది. బంగారం కొట్టుకి వెళ్ళినప్పుడు కూడా నేను అంత బేరం ఆలోచించలేదు. "నీకోసం నువ్వు కొనుక్కున్నది ఏముంది, తీసుకో" అన్నారు మావారు.

ఈగల పెట్టె చూస్తే మీకూ ముచ్చటేస్తుంది. నీటి మీద తేలేవి కొన్ని, మునిగేవి కొన్ని. కొక్కేల నంబర్లు మన సూదుల నంబర్ల లాంటివే, నంబరు పెరిగేకొద్దీ సన్నం. 1892లోనే మేరీ ఆర్విస్ మార్బరీ అనే ఆవిడ ఈ ఈగల గురించి రంగుల బొమ్మలతో పెద్ద పుస్తకం వేసింది. వాళ్ళ నాన్నగారి కంపెనీలో ఈగలు కట్టే విభాగం ఆవిడే చూసేదట. పూలు కట్టే చేతులకి ఇదేమీ కష్టం కాదనిపించింది నాకు.

ముడి వెయ్యడం మాత్రం వారం రోజులు పట్టింది. తీగని కొక్కెం కన్నంలోంచి తీసి, దాని చుట్టూ అయిదు మెలికలు తిప్పి, కొసని మళ్ళీ వెనక్కి దూర్చి, తడిచేసి బిగించాలి. తడి చెయ్యకపోతే రాపిడికి తీగ బలం పోతుంది. సూదిలో దారం ఎక్కించడానికి కళ్ళజోడు వెతుక్కునే వయసు కదా, అమ్మాయి పక్కన కూర్చుని నేర్పించింది.

ఇంక సాధన. పెరట్లో పచ్చిక మీద, కొక్కెం లేకుండా చివర ఊలు ముక్క కట్టి మొదలుపెట్టాను. గడియారం ముల్లు 10 దగ్గరనుంచి 1 దాకా కర్ర వెనక్కి తేవాలి, టక్కున ఆపాలి, దారం వెనక పూర్తిగా చాపుకునేదాకా ఆగాలి, అప్పుడు ముందుకి ఊపాలి. బలంగా విసిరితే దారమంతా చిక్కుపడి నెత్తిన పడుతుంది. తడిచీర జాడించి ఆరేస్తాం చూడండి, ఆ ఒడుపు కావాలి. మొదటిరోజు అయిదు నిమిషాలకే చెయ్యి లాగేసింది. రోజుకో నిమిషం పెంచుకుంటూ వెళ్ళాను. వంటింటి గోడ మీద నా వేళ్ళు ఎంతదాకా అందాయో పెన్సిలుతో గీత పెట్టుకునేదాన్ని. రెండు నెలల్లో గీత జానెడు పైకి పోయింది.

ఇక్కడ 16 ఏళ్ళు నిండినవాళ్ళు ఎవరైనా లైసెన్సు లేకుండా చేపలు పట్టకూడదు. ట్రౌట్ చేపలకి దానితోపాటు వేరే పర్మిట్ ఉండాలి. రెండూ తీసుకున్నాను. ఎండ మెరుపు తగ్గించే పోలరైజ్డ్ కళ్ళజోడు కొన్నాను. దాంతో నీళ్ళ లోపలికి కనిపిస్తుంది, కొక్కెం ఎగిరొస్తే కంటికి రక్షణ కూడా. అంచున్న టోపీ, పొడుగు చేతుల చొక్కా, పల్చటి గ్లోవ్స్. గ్రంథులు తీసేసిన చేతికి చిన్న గాటు పడినా, దోమ కుట్టినా వాపు రావచ్చు, అందుకని ఈ జాగ్రత్త. కొక్కేనికి ఉండే ఎదురుముల్లుని ప్లయర్‌తో నొక్కేశాం. చేపకీ గాయం తక్కువ, మనకి గుచ్చుకున్నా సులువుగా వస్తుంది. తినడానికి పులిహోర, పెరుగన్నం, ఆవకాయ.

బయల్దేరే ముందురోజు ఆదివారం కాకపోయినా అమ్మ ఫోను చేసింది. సామాను సర్దుతున్నానని నోరు జారాను. "చేపలు పట్టడమేంటే? నీకేం కర్మ?" అంది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఆ పూట అబద్ధం నోట్లోంచి రాలేదు. అంతా చెప్పేశాను, గడ్డ దగ్గర్నుంచి. అవతల చాలాసేపు చప్పుడు లేదు. ఏడుస్తోందేమో అనుకున్నాను. చివరికి, "చెయ్యి ఎంతదాకా లేస్తోందే?" అని అడిగింది. "చెవి దాటింది అమ్మా" అన్నాను. "అయితే వెళ్ళు. రాగానే ఫోన్ చెయ్యి" అంది. తర్వాత మెల్లగా, "మా పిన్నికీ ఇలాగే వచ్చిందే. ఎవరికీ చెప్పుకోలేక పోయింది" అంది. ఆ సంగతి నాకు ఇన్నేళ్ళూ తెలియదు.

మేం వెళ్ళింది బెల్‌ఫాంట్ ఊరి దగ్గర స్ప్రింగ్ క్రీక్‌కి. సున్నపురాతి ఊటలు కలవడం వల్ల ఎండాకాలంలోనూ చల్లగా ఉంటుంది ఆ నీరు. అందులో ఫిషర్‌మన్స్ పారడైజ్ అనే చోటు 1934 నుంచీ ఉంది. అక్కడ ఈగ గాలం ఒక్కటే వాడాలి, నీళ్ళలో దిగకూడదు, పట్టిన చేపని వదిలెయ్యాలి. మొదటిసారి జారిపడే భయం ఉండదని పక్కింటావిడే ఆ చోటు ఎంచారు. మే నెల సాయంత్రం, నీళ్ళ మీద లేత పసుపు రంగు పురుగులు లేస్తున్నాయి. చేపలు పైకి వచ్చి చటుక్కున మింగిపోతున్నాయి.

రెండు గంటల్లో నా ఈగ మూడుసార్లు చెట్టుకొమ్మకి చిక్కుకుంది. ఒక్కసారి మాత్రం ఒక చేప నిజంగా కరిచింది. కర్ర వంగి చేతిలో గిలగిల్లాడింది. ముట్టుకునే ముందు చెయ్యి తడుపుకోవాలి, లేకపోతే చేప ఒంటి జిగురు పోతుంది అని నేర్చుకున్నదంతా గుర్తు చేసుకుంటూ ఉండగానే అది కాస్తా తప్పించుకుంది. "ఎలాగూ వదిలేసేదే కదా, దానంతటదే పోయింది" అన్నారు మావారు పులిహోర తింటూ. నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి. చెయ్యి ఎత్తి ఎన్నిసార్లు ఊపానో అప్పటిదాకా గమనించలేదు.

మీరంతా ఏటికి వెళ్ళి చేపలు పట్టమని నేను చెప్పడం లేదు. ఒక్క మాట మాత్రం వినండి. చేతికి ఏదైనా గడ్డ తగిలితే, నొప్పి లేదని, పండగ వెళ్ళాక చూద్దామని ఊరుకోవద్దు. మన దేశంలో 30 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్ష చేసే కార్యక్రమం ఉంది. వెళ్ళండి, సిగ్గుపడకండి. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. నేను పోగొట్టుకున్న నాలుగు నెలలు మీరు పోగొట్టుకోకండి.

ఇప్పుడు మా ఇడ్లీ పాత్ర మళ్ళీ పై అరలోనే ఉంటోంది. నేనే తీస్తున్నాను, నేనే పెడుతున్నాను. ఆదివారం ఫోన్లో అమ్మ రెండు ప్రశ్నలు అడుగుతుంది, చెయ్యి ఎలా ఉంది, చేప పడిందా అని. మొదటిదానికి ఇప్పుడు నిజమే చెబుతున్నాను. రెండోదానికి, "ఇంకా లేదమ్మా" అంటున్నాను.